సముద్రం మీద గీసిన గీత

హజీరా పక్కనున్న సువాలి రేవును గురించి మేము లోగడ ఈ పత్రికలో ఒక వ్యాసం వ్రాసిన సంగతి కొందరు పాఠకులకైనా గుర్తుండవచ్చు. 1612లో ఆ తీరాన ఆంగ్లేయుల ఓడలకూ పోర్చుగీసు ఓడలకూ జరిగిన పోరును, ఆ తరువాత సూరత్‌లో వెలసిన ఈస్టిండియా కంపెనీ వర్తకస్థానాన్ని వర్ణించి, చివర ఆ రేవుల గుండా వచ్చిపోయిన సరకుల పట్టికను ఇచ్చాము. నీలిమందు, నూలుబట్టలు, మిరియాలు, ఏనుగు దంతాలు, గుర్రాలు – పట్టిక పెద్దదే. అయితే అందులో ఒక సరకును మేము వదిలివేశాము. తెలియక కాదు, పండుగ సంచికలో అటువంటి ప్రస్తావన ఎందుకులే అన్న సంకోచం వల్ల. ఆ సరకు మనుషులు.

ఆ లోపాన్ని సవరించుకోవడానికే ఇప్పుడీ వ్యాసం. మనుషులను ఓడలకెక్కించి అమ్మే వ్యాపారాన్ని ఆపడానికి బ్రిటిషు అధికారులు పంతొమ్మిదో శతాబ్దంలో చేసిన ప్రయత్నం మన గుజరాతు తీరంతో, మన తెలుగు తీరంతో కూడా ముడిపడి ఉన్నది. అది వీరగాథ అనదగినది కాదు. ఆపినవారి చేతులు కూడా అంత శుభ్రమైనవి కావు. అయినా ఆ పని ఎలా జరిగిందో, ఎందుకు అన్నేళ్ళు పట్టిందో తెలుసుకోవడం మనవంటి సాంకేతిక ఉద్యోగులకు ఆసక్తికరంగానే ఉంటుందని మా నమ్మకం.

మేము నివసించేది గోడాదరాలో. మన ఉద్యోగులలో ఎక్కువమంది కాలనీలోనే ఉంటారు గనుక నగరానికి తూర్పున ఉన్న ఈ పేటను చూడనివారే అధికం. గోడాదరా, లింబాయత్, పర్వత్ గామ్, డిండోలి – ఈ వీధులలో నడుస్తుంటే తెలుగు మాట తరచుగా చెవిన పడుతుంది. తెలంగాణ జిల్లాల నుండి తరాలుగా వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడి మరమగ్గాలను ఆధారం చేసుకొని జీవిస్తున్నాయి. మా యింటి ఎదుట ఉండే పెద్దాయన సిరిసిల్ల ప్రాంతం నుండి వచ్చి నలభైయేళ్ళు సాంచాల మీద పని చేసినవారు. ఇప్పుడు చూపు తగ్గింది. ఆదివారాలు మా వరండాలో కూర్చుని మేము చదువుతున్నదేమిటో అడిగి చెప్పించుకోవడం ఆయనకు అలవాటు. ఈ వ్యాసానికి కావలసిన పటాన్ని మేము బల్ల మీద పరచుకున్న రోజున కూడా ఆయన అక్కడే ఉన్నారు.

సూరత్ రేవులో ఆఫ్రికా ఖండపు మనుషులు దిగడం మొగలుల కాలం నాటికే మామూలు విషయం. వారిని హబ్షీలని, సిద్దీలని పిలిచేవారు. అందరూ బానిసలుగానే వచ్చారనుకోవడం పొరపాటు. నావికులుగా, సైనికులుగా, వర్తకులుగా వచ్చినవారూ ఉన్నారు. బానిసగా వచ్చి రాజ్యాలను నడిపినవారూ ఉన్నారు. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని మొగలుల నుండి కాపాడిన మలిక్ అంబర్ అటువంటివాడే. జంజీరా సిద్దీలు మొగలు చక్రవర్తికి నౌకాధిపతులు. 1759లో ఆంగ్లేయులు స్వాధీనం చేసుకొనే నాటికి సూరత్ కోట సిద్దీల చేతిలోనే ఉండేది. గోడాదరాకు పది పదిహేను కిలోమీటర్ల దూరంలోని సచిన్‌ను నేడు మనం పారిశ్రామికవాడగానే ఎరుగుదుము గాని, 1791 నుండి 1948 వరకు అది సిద్దీ నవాబుల సంస్థానం. కాని నవాబులైనవారు కొద్దిమంది. ఇంటి పనికి, ఓడ పనికి, కాపలాకు అమ్ముడుపోయి, పేరైనా మిగలకుండా గడచిపోయినవారే ఎక్కువ.

వారిని కొనడానికి ఆఫ్రికా తీరంలో ఏమి ఇచ్చేవారు? చాలా భాగం బట్ట. ఈ సంగతి మేము మొదటిసారి తెలుసుకున్నప్పుడు కొంతసేపు పుస్తకం మూసి కూర్చున్నాము. పద్దెనిమిదో శతాబ్దంలో డయ్యూ, డామన్ రేవులలోని వాణియా వర్తకులు భరూచ్ జిల్లాలోని జంబూసర్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ నేయించిన నూలుబట్టలను ఈశాన్య ఋతుపవనంతో మొజాంబిక్‌కు పంపి, నైరుతి గాలి మొదలైన తరువాత దంతంతో తిరిగి వచ్చేవారు. ఆ దేశపు లోభాగాలలో నాణెం చెల్లదు. మన బట్టే నాణెం. ఏ తెగవారికి ఏ అంచు కావాలో, ఏ రంగు కావాలో వర్తకులకు సంవత్సరం సంవత్సరం కబురు వచ్చేది. ఆ ప్రకారం నేయకపోతే సరకు అమ్ముడుపోదు. దంతాన్ని కొన్న బట్టే మనుషులనూ కొనేది. అలా కొనబడినవారిలో అత్యధికులను ఫ్రెంచివారు మారిషస్, రీయూనియన్ దీవుల చెరకు, కాఫీ తోటలకు తీసుకుపోయారు; కొందరిని బ్రెజిల్‌కు ఎక్కించారు; కొద్ది భాగం డయ్యూ, డామన్‌ల మీదుగా గుజరాతుకు చేరింది.

మేము ఇది చెబుతుండగా పెద్దాయన అడిగారు: "మరి ఆ బట్ట నేసినోనికి ఎర్క ఉండెనా సారూ, అది గిట్ల మనుసులను కొనెతందుకు పోతున్నదని?"

మాకు వెంటనే జవాబు తోచలేదు.

ఇదంతా ఆఫ్రికావారి కష్టమేనని, మనవారికి సంబంధం లేదని తలచే అవకాశం ఉంది గనుక కొంచెం సేపు తూర్పు తీరానికి పోవలసి ఉన్నది. పదిహేడో శతాబ్దంలో కోరమాండల్ తీరం నుండి మనుషులను ఓడలలో జావాకు, సింహళానికి పంపినవారిలో డచ్చివారిది పెద్ద చేయి. పులికాట్ వారి ముఖ్యస్థానం. కరవు వచ్చినప్పుడెల్లా వారి ఓడలు నిండేవి. ఆంగ్లేయులు కూడా తక్కువ తినలేదు. చెన్నపట్నంలో 1683లో బానిసల ఎగుమతిని నిషేధించారు. 1687లో, కరవు తీవ్రమై మనుషులు చవకగా దొరుకుతున్నప్పుడు, అదే కోట మండలి నిషేధాన్ని పక్కన పెట్టి ఓడకెక్కే ఒక్కొక్క మనిషికి ఒక వరహా సుంకం విధించింది. ఆ సంవత్సరం సెప్టెంబరు నెలలోనే 665 మందిని అక్కడి నుండి ఎగుమతి చేసినట్లు లెక్క ఉన్నది. 1688లో మళ్ళీ నిషేధించారు. అప్పటికి గోల్కొండ పతనమై ఔరంగజేబు అధికారం దక్షిణానికి వచ్చింది. మొగలు ప్రభుత్వం ఈ వ్యాపారాన్ని ఒప్పుకోదన్న భయం ఆ రెండో నిషేధానికి ముఖ్య కారణాలలో ఒకటి. మూడు ఉత్తర్వులు, అయిదేళ్ళు. దయ వల్ల ఒకటి, లాభం వల్ల ఒకటి, భయం వల్ల ఒకటి అని మేము అనుకొంటున్నాము.

శతాబ్దం గడచిన తరువాత 1789 జూలైలో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ కలకత్తా నుండి ఒక ప్రకటన వెలువరించి, బానిసలను సముద్రం మీద ఎగుమతి చేసేవారిని శిక్షిస్తామన్నాడు. ఆ కాలంలోనే పీటర్ హోరెబో అనే డేనిష్ ఓడ కెప్టెన్ బెంగాలులో కొన్న సుమారు 150 మంది పిల్లలను సింహళానికి తరలించినందుకు కలకత్తా న్యాయస్థానం విచారించింది. పడిన శిక్ష మూడు నెలల ఖైదు, 500 రూపాయల జుర్మానా. తలకు నాలుగు రూపాయలైనా కాదు. 1790లో మద్రాసు ప్రభుత్వం కూడా అటువంటి ప్రకటనే చేసింది. ఆ రెండు ప్రకటనల నడుమ, 1789 డిసెంబరులో, గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవును ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. వెనువెంటనే ఉత్తర సర్కారులలో కరవు. కోరంగిలోనూ, పక్కనే ఫ్రెంచివారి యానాంలోనూ మారిషస్ దీవికి పోయే ఓడలు లంగరు వేసి ఉండేవి. ఆకలికి అమ్ముకున్న పిల్లలు, మోసపోయిన కూలీలు, ఎత్తుకుపోబడినవారు వాటిలోకి ఎక్కారు. నిషేధం కాగితం మీద ఉంది; రేవులో కరవు ఉంది.

ఇక అసలు గీత దగ్గరకు వద్దాము.

బ్రిటిషు పార్లమెంటు 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించి, 1811లో దానిని ద్వీపాంతర శిక్ష పడదగిన నేరం చేసింది. 1810లో మారిషస్ వారి చేతికి వచ్చింది. కాని అక్కడి చెరకు తోటల యజమానులకు మనుషులు కావాలి; ఆఫ్రికా తీరం నుండి దొంగచాటుగా వస్తూనే ఉన్నారు. అమ్మేది తూర్పు ఆఫ్రికా రేవులలో. ఆ రేవులలో ముఖ్యమైనవి మస్కట్ పాలకుడు సయ్యద్ సయీద్ అధికారం కింద ఉన్నవి. పర్షియన్ సింధుశాఖలో ఆయన స్నేహం బ్రిటిషువారికి అవసరం. గట్టిగా మాట్లాడితే స్నేహం పోతుంది. ఊరుకుంటే లండన్‌లో మాట పడవలసి వస్తుంది. 1822 సెప్టెంబరులో కెప్టెన్ ఫెయిర్‌ఫాక్స్ మోర్స్‌బీ అనే నౌకాధికారి కుదుర్చుకొన్న ఒడంబడిక ఈ ఇరకాటం నుండి పుట్టినదే. సుల్తాను ప్రజలు తమలో తాము బానిసలను అమ్ముకోవచ్చు. క్రైస్తవ దేశాలవారికి అమ్మరాదు. దానిని అమలు చేయడానికి సముద్రం మీద ఒక గీత గీశారు. అది ఆఫ్రికాలోని డెల్గాడో అగ్రం నుండి బయలుదేరి, సొకొత్రా దీవికి 60 మైళ్ళు తూర్పుగా సాగి, మన డయ్యూ కొన వద్ద ముగుస్తుంది. ఆ గీతకు తూర్పున బానిసలతో దొరికిన ఏ సుల్తాను ప్రజల ఓడనైనా బ్రిటిషు యుద్ధనౌక పట్టుకోవచ్చు. పడమట అయితే పట్టుకోరాదు.

సూరత్ నుండి డయ్యూ, ఖంభాత్ సింధుశాఖకు ఆవల, గాలి దారిన సుమారు 200 కిలోమీటర్లు. అంటే ఆ గీత మన ముంగిట ముగిసిందన్నమాట. పెద్దాయన తన జేబులో ఉన్న నూలుపోగును తీసి యిచ్చారు. దానిని పటం మీద మలుపులతో సహా పరచి కొలిచి చూశాము. స్కేలు ప్రకారం దాదాపు 4,900 కిలోమీటర్లు వచ్చింది. ఇంజనీరు బుద్ధి అక్కడితో ఊరుకోదు గదా. నూరడుగుల ఎత్తు గల తెరస్తంభం మీద కూర్చున్న నావికునికి దిక్చక్రం సుమారు 22 కిలోమీటర్ల దూరంలో కనిపిస్తుంది. ఇరువైపులా కలిపి 44. ఈ లెక్కన గీత పొడవునా కాపలా కాయాలంటే నూటపది ఓడలు కావాలి. ఎదుటి ఓడ తెరచాప ఎత్తును కూడా కలుపుకొంటే సంఖ్య తగ్గుతుంది. రాత్రిని కలుపుకొంటే అంతా తలకిందులవుతుంది. వాస్తవంలో ఆ జలాలలో తిరిగిన యుద్ధనౌకలు వేళ్ళ మీద లెక్కించదగినన్ని.

లోపం ఇంకొకటి కూడా ఉంది. గీత డయ్యూ కొన వద్ద ముగిసింది గనుక సౌరాష్ట్ర పడమటి తీరం, కచ్, సింధు తీరాలు దానికి ఆవలే ఉండిపోయాయి. అక్కడికి బానిసలను తెచ్చే సుల్తాను ప్రజల ఓడను ఆపే హక్కు ఆ ఒడంబడికలో లేదు. కచ్ రావు 1836లో తన రేవులలో బానిసల దిగుమతిని నిషేధించారు. 1839 డిసెంబరులో సయ్యద్ సయీద్‌తో మరొక ఒప్పందం కుదిరి, గీతను మార్చారు. డెల్గాడో అగ్రం నుండి సొకొత్రాకు రెండు డిగ్రీలు తూర్పుగా పోయి, డయ్యూకు బదులు మక్రాన్ తీరంలోని పస్నీ వద్ద ముగియాలి. డయ్యూ నుండి పస్నీకి 900 కిలోమీటర్లకు పైగానే. కలం పోటుతో ఆ కొనను అంత దూరం పడమటికి జరిపినందువల్ల గుజరాతు, సింధు జలాలు మొత్తం గీతకు ఇవతలికి వచ్చాయి.

1839తోనే ముడిపడిన మరొక మాట ఇక్కడ చెప్పక తప్పదు. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయ్యింది. తోటలకు మనుషులు మళ్ళీ కావలసి వచ్చారు. ఈసారి ఒప్పంద కూలీల పేరుతో కలకత్తా నుండి, మద్రాసు నుండి, మన కోరంగి నుండి తీసుకుపోయారు. కాగితం మీద వేలిముద్ర ఉన్నది గనుక అది బానిసత్వం కాదన్నారు. తీసుకుపోయే పద్ధతులపై నిరసనలు చెలరేగి, 1839లో హిందూదేశ ప్రభుత్వం కూలీల వలసనే నిలిపివేసింది. 1842లో మారిషస్‌కు మళ్ళీ తెరిచింది. ఆఫ్రికావారిని గీత దాటకుండా ఆపిన ప్రభుత్వమే మనవారిని అదే దీవికి లైసెన్సుతో ఎక్కించింది. ఈ రెండింటినీ ఒకే తూకంలో పెట్టమని మేము అనము. కూలీకి అయిదేళ్ళ తరువాతనైనా విడుదల ఉంది, కూలి ఉంది, వాని పిల్లలు అమ్మకపు సరకు కారు. కాని కోరంగి రేవులో ఓడ ఎక్కిన వాని కళ్ళతో చూస్తే తేడా ఏపాటిదో చెప్పడం కష్టం.

గీతల వెంట వేట సాగింది. 'ధో' అనే అరబ్బు తెరచాప ఓడ తేలికైనది, గాలి ఉంటే వేగమైనది, లోతు తక్కువ నీటిలో కూడా పోగలది. యుద్ధనౌక దానిని తరిమితే తీరపు దిబ్బల మీదికి నడిపించి, మనుషులను అలలలోకి తోసి, యజమానులు పారిపోయేవారు. ఆ అలలలో మునిగిపోయిన పిల్లల సంగతి ఆ నౌకాధికారుల సొంత రచనలలోనే ఉంది. పట్టుకొన్న నావికులకు విడిపించిన ఒక్కొక్క బానిసకు 5 పౌండ్ల బహుమానం; బానిసలు లేకపోతే ఓడ టన్నేజిని బట్టి. ఈ టన్నేజి బహుమానమే చిక్కు తెచ్చింది. పట్టుకొన్న ఓడను రేవుదాకా లాగుకొని పోవడం కష్టమని చెప్పి సముద్రంలోనే తగలబెట్టడం మామూలైంది. తగలబడిన ఓడ తాను బానిసల ఓడ కాదని చెప్పుకోలేదు. సక్రమంగా వ్యాపారం చేసుకొంటున్న ఓడలు కూడా కొన్ని ఇలా బూడిదయ్యాయని జాంజిబార్‌లోని బ్రిటిషు కాన్సళ్ళే ఫిర్యాదు చేశారు. కొలిచే పద్ధతి తప్పయితే పని ఎంత వంకరపోతుందో ఉత్పత్తి లక్ష్యాలతో సతమతమయ్యే మన ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు.

సయ్యద్ సయీద్‌తో కాన్సల్ హామర్టన్ 1845లో చేసుకొన్న ఒడంబడిక 1847 నుండి అమలులోకి వచ్చింది. ఆఫ్రికా రాజ్యం నుండి అరేబియాకు ఎగుమతి నిషిద్ధం. ఆఫ్రికా తీరంలో కిల్వా, లాము రేవుల మధ్య మాత్రం అనుమతి. ఈ అనుమతే పెద్ద చిల్లు. లాము దాకా పత్రంతో వచ్చి, ఒక రాత్రి చీకటిలో ఉత్తరానికి జారుకుంటే చాలు. 1859లో ఒక్క జాంజిబార్‌కే సుమారు 19,000 మంది బానిసలు దిగారని అప్పటి కాన్సల్ రిగ్బీ లెక్క. ముప్ఫై ఏడేళ్ళ గస్తీ తరువాతి మాట ఇది. సముద్రం మీద కారుతున్న నీటిని తుడుస్తూ వచ్చారు. కవాటం ఒడ్డున ఉంది.

ఒడ్డున ఉన్నవారిలో మన దేశస్థులు ముఖ్యులు. జాంజిబార్ రేవు సుంకాల గుత్త 1830ల నుండి కొన్ని దశాబ్దాలపాటు కచ్‌లోని ముంద్రా నుండి వచ్చిన జయరాం శివజీ వ్యాపారసంస్థ చేతిలో ఉండేది. దంతం మీద, లవంగం మీద, బట్ట మీద సుంకం. బానిస మీద కూడా తలకింత సుంకం. లోభాగాలకు పోయే వర్తక బిడారులకు బట్టలను, పూసలను, తుపాకులను అప్పుగా ఇచ్చేది కూడా కచ్, సౌరాష్ట్రల నుండి వచ్చిన భాటియాలు, ఖోజాలు, బోహ్రాలే. పేరుమోసిన దంతపు వర్తకుడూ బానిసల వర్తకుడూ అయిన టిప్పు టిప్‌కు తారియా తోపన్ అనే కచ్ ఖోజా వర్తకుడు పెట్టుబడి ఇచ్చాడు. వీరు మనుషులను తమ చేతులతో పట్టలేదు, తాము నిలబడి వేలం వేయలేదు. పద్దు వ్రాశారు.

రిగ్బీ ఈ పద్దుల మీదనే చేయి వేశాడు. మన దేశంలో 1843 నాటి అయిదవ చట్టం బానిసత్వానికి న్యాయస్థానాల గుర్తింపును తొలగించింది; బ్రిటిషు ప్రజ ఎవరూ ఎక్కడా బానిసను ఉంచుకోరాదు. కాబట్టి జాంజిబార్‌లోని భారతీయులు తమ బానిసలను విడిచిపెట్టవలసిందేనని ఆయన 1860లో పట్టుపట్టి, వేలమందికి విడుదల పత్రాలు ఇప్పించాడు. ఒక్క గుండు పేల్చలేదు. ఒక కార్యాలయం, ఒక రిజిస్టరు, ఒక ముద్ర. అన్నేళ్ళు గస్తీ తిరిగిన ఓడల ఫలితం పక్కన ఈ ఒక్క ఏటి కాగితం పని తీసిపోదని మా అభిప్రాయం. ఆయన వెళ్ళిపోయిన తరువాత కచ్ ప్రజలు బ్రిటిషు ప్రజలే కారన్న వాదం బయలుదేరి పని మళ్ళీ వెనుకబడింది. 1869లో కచ్ రావు తన ప్రజలను జాంజిబార్‌లో బ్రిటిషు ప్రజలుగానే పరిగణించవచ్చునని ప్రకటించడంతో ఆ దారి మూసుకుపోయింది. ఈ వృత్తాంతంలో కచ్ రావుల పాత్రకు రావలసినంత పేరు రాలేదు.

ఇక ముగింపు ఘట్టం త్వరగా నడిచింది. బొంబాయి మాజీ గవర్నరు బార్ట్‌ల్ ఫ్రియర్ 1873 జనవరిలో జాంజిబార్ చేరి పూర్తి నిషేధం కోరాడు. సుల్తాను బర్గష్ ఒప్పుకోలేదు. 1872 ఏప్రిల్‌లో వచ్చిన తుపాను తన లవంగపు తోటలను, ఓడలను నాశనం చేసిందని, ఇప్పుడు ఈ ఆదాయం కూడా పోతే రాజ్యం నిలవదని ఆయన వాదన. అందులో అబద్ధం లేదు. ఫ్రియర్ వెనుదిరిగాడు. ఆ తరువాత కాన్సల్ జాన్ కర్క్, దీవిని నౌకాదళంతో దిగ్బంధిస్తామన్న హెచ్చరికతో, 1873 జూన్ 5న సంతకం చేయించాడు. సముద్రం మీద బానిసల రవాణా నిషిద్ధం. జాంజిబార్ సంత మూత. ఆ సంత స్థలంలోనే ఇప్పటికీ ఉన్న ఆంగ్లికన్ చర్చి లేచింది. అంతటితో బానిసత్వం పోయిందనుకోరాదు. ఓడలు ఆగితే బిడారులు ఒడ్డు వెంట కాలినడకన పోయాయి. వాటిని ఆపడానికి 1876లో మరొక ప్రకటన కావలసి వచ్చింది. జాంజిబార్‌లో బానిసత్వానికి చట్టపు గుర్తింపు 1897 దాకా పోలేదు. ఈలోగా 1890లో ఆ రాజ్యమే బ్రిటిషు రక్షణ కిందికి పోయింది. బానిసలను విడిపించడానికి వచ్చిన అధికారి దేశాన్ని కట్టేసి పోవడం ఆ శతాబ్దపు రివాజు.

విడిపించబడినవారి సంగతి చెప్పి ముగిస్తాము. ఓడల మీద దొరికిన పిల్లలను నౌకాదళంవారు బొంబాయికి తెచ్చి పోలీసులకు అప్పగించేవారు. వారు కొందరిని ఇళ్ళలో పనికి, కొందరిని మిషన్లకు అప్పగించేవారు. ఆ విధంగా చాలామంది నాసిక్ దగ్గరి శరణ్‌పూర్‌కు చేరారు. ఇప్పుడు అది నాసిక్ నగరంలో కలిసిపోయింది. అక్కడ వారికి చదువుతోపాటు వడ్రంగం, కమ్మరం నేర్పారు. అనగా నాటి ఐటీఐ అనుకోవచ్చు. లివింగ్‌స్టన్ తన చివరి యాత్రకు 1866లో బయలుదేరినప్పుడు ఆ నాసిక్ యువకులలో తొమ్మండుగురిని వెంట తీసుకుపోయాడు. తరువాత మరికొందరు పోయి కలిశారు. వారిలో జేకబ్ వెయిన్‌రైట్ ఒకడు. 1873 మేలో లివింగ్‌స్టన్ మరణించినప్పుడు ఆ చెట్టు మీద పేరు, తేదీ చెక్కింది అతడే. శవాన్ని తోటివారితో కలిసి నెలల తరబడి మోసి సముద్రతీరానికి చేర్చి, ఓడలో లండన్ దాకా వెళ్ళి, 1874 ఏప్రిల్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో శవపేటిక అంచు పట్టి నడిచాడు. 1875లో మొంబాసా పక్కన ఫ్రియర్ టౌన్ వెలసినప్పుడు నాసిక్‌లోని చాలామంది అక్కడికి తరలిపోయారు. తాము బిడ్డలుగా పోగొట్టుకొన్న ఖండానికి మన దేశపు వడ్రంగంతో, కొంత మన భాషతో తిరిగి వెళ్ళారు. తమ ఊరు ఏదో చాలామందికి గుర్తులేదు.

ఆ ఆదివారం చీకటిపడుతుండగా మేము పటాన్ని మడుస్తుంటే పెద్దాయన నూలుపోగును తిరిగి తీసుకొని వేలికి చుట్టుకుంటూ, తన ప్రశ్నకు తానే జవాబు వెదుక్కున్నట్లు అన్నారు: "మా తాకాలు సేటు దుకాణంకు పోతయి. ఆడికెల్లి యాడికి పోతయో మాకేమెర్క సారూ. రాసేటోల్లకు ఎర్కుంటది. బిల్లు మీద పేరుంటది గద."

సువాలి వ్యాసం అచ్చయిన సంచికను దాచుకొన్న పాఠకులు, అందులోని సరకుల పట్టికలో గుర్రాల తరువాత 'మనుషులు' అన్న మాటను చేర్చుకోవలసిందిగా కోరుతున్నాము.